ఎడమ చక్రం మోత

తెల్లారగట్ల మా కాలవ గట్టు మీద కారు నడుపుతుంటే రోడ్డు మీద ఉన్నట్టే ఉండదు. మంచు కాలవలోంచి లేచి గట్టెక్కి, తారు మీదుగా పాకి, అవతల చేలల్లోకి దిగిపోతూ ఉంటుంది. కొబ్బరిచెట్లకి మొదళ్ళుండవు, తలకాయలు మాత్రం పైన తేలుతుంటాయి. ఎదరనించి పాలకేన్ల మోపెడ్ వస్తే ముందు దాని లైటు కనపడుతుంది, తర్వాత కేన్లు, అన్నిటికంటే ఆఖర్న మనిషి. ఆ వేళప్పుడు నాకు నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది. మా ఆవిడ పక్క సీట్లో శాలువా కప్పుకుని కూర్చుంటుంది. ఏమైనా చెప్పాలనుకుంటే ముందు నా మోకాలి మీద వేలితో కొడుతుంది, అప్పుడు చెప్తుంది.

ఆ రోజు తూము దాటగానే కొట్టింది.

“మళ్ళీ వచ్చింది,” అంది.

“ఏంటి?”

“మోత. ఎడమ చక్రం కింద.”

“పాత బండి అన్నాక మోత ఉండదా,” అన్నాను.

నిజం చెప్పాలంటే నాకేమీ వినపడలేదు. జరిగిందంతా ఆ ఒక్క ముక్కలోంచే వచ్చింది గనక ముందే చెప్పేస్తున్నాను. నా ఎడమ చెవి పోయింది. ఎప్పుడో పోయింది. ఇరవయ్యేళ్ళు జంగారెడ్డిగూడెం పక్క పామాయిలు తోటల్లో ట్రాక్టరు తోలాను. వెనకాల గెలల ట్రాలీ ఎలా వస్తోందో చూసుకోడానికి కుడి భుజం మీంచి తిరిగి చూడ్డం నాకలవాటు. అలా తిరిగినప్పుడల్లా ఎడమ చెవి తిన్నగా పొగగొట్టానికి ఎదురు నిలబడేది. రోజుకి ఎన్నిసార్లు తిరిగానో, ఎన్నేళ్ళు తిరిగానో. ఓ రోజు చూసుకుంటే ఆ పక్క లోకం ఊరుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే స్టీరింగు ముట్టుకోనివ్వరు.

కారులో నడిపేవాడు కుడివైపు కూర్చుంటాడు. పక్క మనిషి ఎడమవైపు. అంటే మా ఆవిడా, ఆ ఎడమ చక్రమూ రెండూ నా చచ్చిన చెవి పక్కనే పడ్డాయి.

ఆవిడకి రెండు కిడ్నీలూ పాడై రెండేళ్ళు దాటింది. మంగళవారం, శనివారం భీమవరంలో మిషను పక్కన పడుకోబెట్టి రక్తం కడుగుతారు. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండాలి. మొదట్లో బస్సులో వెళ్ళాం, తర్వాత ఆటోలో. ఆటో కుదుపులకి దార్లో వాంతులు. మాకు పిల్లల్లేరు. ఉన్న కొద్దిపాటి చేను చెక్క అమ్మేసి, మొగల్తూరు పక్క రొయ్యల చెరువులాయన దగ్గర ఈ పాత కారు కొన్నాను. ఆయన దాంట్లో మనుషుల కంటే మేత బస్తాలే ఎక్కువ తిప్పాడు. కొనేముందు బోనెట్టు ఎత్తించి, కుడి చెవి ఆనించి, ఇంజను విన్నాను. ఇంజను బాగుంది. వంగి కింద చూడలేదు. ఉప్పునీటి చెరువు గట్ల మీద తిరిగిన బండికి చూడాల్సింది కిందే. ఆ ఇంగితం ఆ రోజు లేదు.

ఇంటికి తెచ్చాక చర్చి అయ్యగారు వచ్చి బోనెట్టు మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. ఇంజను కోసం, నడిపేవాడి కోసం, కూర్చునే ఆవిడ కోసం. “ముందు చక్రాల మాట మర్చిపోయారు ఆయన,” అని తర్వాత మా ఆవిడ అంటుండేది.

మొదట వచ్చింది ఈ మోత కాదు. వానల తర్వాత కీచుమని సన్నటి అరుపు మొదలైందట. “చక్రం కింద ఎలకపిల్ల ఉందయ్యా,” అంది ఆవిడ. నాకు ఎలకా వినపడలేదు, పిల్లీ వినపడలేదు. కానీ కీచుమందని చెప్తే చాలు, ఏం చెయ్యాలో నాకు తెలుసనుకున్నాను.

చిన్నప్పుడు నేను నిద్రపోయిందంతా మా నాన్న ఎద్దుబండిలోనే. ఊళ్ళోవాళ్ళ ధాన్యం మిల్లుకి తోలేవాడు. తెల్లారకముందే కట్టేవాడు. నన్ను బస్తాల మధ్య పడుకోబెట్టి గోనె కప్పేవాడు. కింద ఇరుసు కిర్రు కిర్రుమంటూ ఉండేది, పైన చుక్కలు ఎద్దుల అడుగులకి తగ్గట్టు ఊగుతుండేవి. ఆ కిర్రులో ఏవో మాటలున్నట్టు, ఎవరో నన్ను పిలుస్తున్నట్టు ఉండేది. బండి కింద ఓ వెదురు గొట్టం వేలాడేది. దాంట్లో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసేది. ఇరుసు మరీ గోల పెడితే బండాపి, ఆ గొట్టంలో కోడి ఈక ముంచి ఇరుసంతా రాసేవాడు. మోత ఆగిపోయేది. మోత ఆగగానే నాకు మెలకువ వచ్చేసేది. లేచి కూర్చుంటే మా నాన్న వీపు, దాని ముందు రెండు ఎద్దుల వీపులు, వాటి ముందు తెల్లారుతున్న కాలవ.

ట్రాక్టర్ల రోజులొచ్చేసరికి ఆముదం పోయి కాలిన ఇంజనాయిలు వచ్చింది. తలుపు బందుకి అదే, బోరింగు చేతికి అదే. నా దగ్గర ఎప్పుడూ ఓ డబ్బా ఉంటుంది. ఆవిడ స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళిన మధ్యాహ్నం చూసి, జాకీ ఎత్తి, చక్రం పక్కన పడుకుని, పుల్లకి కోడి ఈక కట్టి, కదిలే ప్రతి చోటా బాగా పట్టించాను. ఎక్కడ ఇనుమో ఎక్కడ రబ్బరో తేడా చూడలేదు. తాగినంత తాగనీ అనుకున్నాను. ఒకసారి కాదు, వరసగా ఆరు వారాలు.

ఎలక పోయింది. ఆ నెలంతా వెళ్ళేటప్పుడు కూడా ఆవిడ నిద్రపోయేది. వచ్చేటప్పుడు ఎలాగూ నిద్రపోతుంది, మిషను మనిషిని పిండేస్తుంది గనక. వెళ్ళేటప్పుడు నిద్రపోవడం వేరు. అంటే భయం లేదన్నమాట. తల అద్దానికి ఆనించి, నోరు కాస్త తెరిచి. నేను గేరు మార్చడానికి కూడా ఆలోచించేవాణ్ణి. మంచులో ఆ నిద్రని మోసుకెళ్తున్నట్టుండేది. నేనేదో గొప్ప పని చేశాననుకున్నాను.

తర్వాత ఆవిడ నిద్ర మానేసింది. ఈసారి కీచుమనడం కాదు, టక్కుమని కొడుతోందట. తూము దగ్గర, రైల్వే గేటు దగ్గర, గండి పూడ్చిన చోట. కింద ఎవరో కర్రతో కొట్టినట్టు ఉందట. ఆ దెబ్బ సీట్లోంచి నడుముకి వస్తోందట. శాలువా లోపల చేతులు రెండూ సీటుకి పట్టుకుని కూర్చునేది.

“ఆ చక్రం ఊడి మనం కాలవలో పడితే నువ్వు ఈదుకుంటూ వచ్చేస్తావు. నేను?”

“ఊడదే.”

“నీకు వినపడుతోందా అసలు?”

“వినపడుతోంది. అంతేం లేదు,” అన్నాను.

అబద్ధం. దాని మీద ఇంకో అబద్ధం.

ఆవిడ పోరు పడలేక ఓ మంగళవారం తిరుగుదార్లో, టౌన్లోనే ఒక పెద్ద షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకున్న మెకానిక్కు కారు తీసుకుని, అద్దాలెక్కించి, ఏసీ వేసుకుని, బైపాస్ రోడ్డు మీద చక్కర్లు కొట్టి వచ్చాడు. నున్నటి రోడ్డు అది, గుడ్డు పెట్టినా దొర్లదు.

“ఏమీ లేదండి. పెద్దమ్మగారికి అలా అనిపిస్తుందేమోనండి. ఒంట్లో బాగోని మనిషి కదండీ,” అన్నాడు.

“అవునవును. ఈ మధ్య ఆవిడకి అన్నీ అలాగే అనిపిస్తున్నాయి,” అన్నాను నేను.

ఆవిడ నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతికి ఇంకా దూది పట్టీ ఉంది.  ఇంటికొచ్చాక కారు దిగి, చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడి అంది.

“నాకు పోయినవి కిడ్నీలు. చెవులు కాదు.”

శనివారం నేను లేచి, నీళ్ళు కాచి, కారు తుడిచి వచ్చేసరికి ఆవిడ మంచం మీద అలాగే ఉంది. చీర మార్చుకోలేదు.

“టైమవుతోంది,” అన్నాను.

“నేను రాను.”

“రాకపోతే ఎలా? డాక్టరు ఏం చెప్పాడు, ఒక్కటి కూడా తప్పకూడదన్నాడు.”

“నాకూ చెప్పాడు.”

“పోనీ ఆటో పిలవనా? మీ తమ్ముణ్ణి అడిగితే వాళ్ళ కారు పంపిస్తాడు.”

“వేరే కారు ఎందుకు? మన కారుకి ఏమీ లేదుగా. నాకే అనిపిస్తోందిగా.” నా వంక చూసి, “మోత ఉందంటావా, లేదంటావా. ఏదో ఒకటి నిజం చెప్పు, లేచి వస్తాను,” అంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. లేదంటే ఆవిణ్ణి పిచ్చిదాన్ని చేసినట్టు. ఉందంటే వినకుండా విన్నానని మళ్ళీ బొంకినట్టు. నిజం చెప్పానా, వాళ్ళ తమ్ముడు ఆ రోజే డ్రైవర్ని పెట్టేస్తాడు. చెవిటివాడి చేతిలో జబ్బుమనిషిని ఎవరు పెడతారు. ఆవిడకి నేను చెయ్యగలిగింది నడపడం ఒక్కటే. వంట రాదు. మందుల పేర్లు నోరు తిరగవు. వారానికి రెండుసార్లు ఆ మంచులోంచి ఆవిణ్ణి తీసుకెళ్ళి తీసుకురావడం, అదొక్కటే నా చేతిలో ఉంది. అది కూడా పోతుందని నోరు మూసుకున్నాను.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆరున్నర దాటింది. ఏడయింది. నా కళ్ళముందే ఆ శనివారం పోయింది.

మిషను దగ్గర పనిచేసే నర్సమ్మ ఫోన్ చేసి నన్ను తిట్టినంత పని చేసింది. “మంగళవారం ఎట్టి పరిస్థితుల్లోనూ రావాలండి. ఈలోపు ఆయాసం వస్తే మాత్రం ఆ క్షణానే తీసుకురండి. నీళ్ళు కొలిచి ఇవ్వండి, ఉప్పు ముట్టనివ్వకండి,” అంది. కొలిచి ఇచ్చాను. అయినా ఆదివారానికి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. చెప్పులు పట్టలేదు. చర్చికి రాలేనంది, నేనూ వెళ్ళలేదు.

మధ్యాహ్నం, “ఏదైనా చదువు,” అంది.

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. నేర్పింది ఆవిడే. ఐదో తరగతి చదువుకుంది, సండే స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పేది. వేలిముద్ర వేసి వచ్చిన ప్రతిసారీ నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాణ్ణి కాదని చూసి, ఓ రోజు పెద్దక్షరాల బైబిలు నా ఒళ్ళో పెట్టింది. పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించేది, చెవిలో చదివేది, నేను అనేవాణ్ణి. కళ్ళతో నేర్చుకున్నది తక్కువ, విని నేర్చుకున్నది ఎక్కువ.

ఆ ఆదివారం బైబిలు తీసుకుని, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి కాలవ మీది వెలుగు వచ్చి పైకప్పు మీద కదులుతోంది. గదంతా నీళ్ళలో మునిగి ఉన్నట్టుంది. నాలుగు వాక్యాలు చదివాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది.

“ఇటు పక్క పీట వేసుకోడానికి చోటుంది కదా. ఎందుకు తిరిగి వెళ్ళావు?” అంది.

“అలవాటు.”

“పాతికేళ్ళ నించి చూస్తున్నాను. ఏ పక్క కూర్చుంటావో, ఏ పక్క పడుకుంటావో. నీకు అక్షరాలు నేర్పినప్పుడు నేను ఏ పక్క కూర్చున్నాను?”

కుడి పక్కన. ఎప్పుడూ కుడి పక్కనే. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు. ఆవిడ మోకాలి మీద వేలితో కొట్టి అప్పుడు మాట్లాడటం కూడా మామూలు అలవాటే అనుకున్నాను. కొట్టగానే నేను తల ఆవిడ వైపు తిప్పుతాను, కుడి చెవి కాస్త ముందుకొస్తుంది, అప్పుడు చెప్తుంది. అన్నేళ్ళూ నేను దాస్తున్నాననుకున్నది, ఆవిడే నాకోసం దాస్తోంది.

“నాకు ఆ మోత వినపడలేదు,” అన్నాను. “ఒక్కసారి కూడా.”

“ఆ ముక్క షెడ్డులో అనుంటే సరిపోయేది.”

“డ్రైవర్ని పెడతారని.”

“ఎవరు పెడతారు? నేను ఎక్కాలిగా.” కళ్ళు తెరిచి పైకప్పు మీది వెలుగు చూసింది. “ఎడమ పక్కకి నేనున్నాను, కుడి పక్క నువ్వు చూసుకో. రేపు కాలవ లాకుల దగ్గర మేస్త్రి దగ్గరికి పోదాం. ఆ వాక్యం మళ్ళీ చదువు, మధ్యలో ఒక మాట మింగావు.”

లాకుల దగ్గర మేస్త్రి మాకు చుట్టమేమీ కాదు, కానీ నన్ను బాబాయ్ గారు అంటాడు, ఆవిణ్ణి పిన్ని గారు అంటాడు. యాభై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు లాంచీల ఇంజన్లు బాగుచేసేవాడు. లాంచీలు తగ్గాక కార్లకి వచ్చాడు. సోమవారం ఉదయం వెళ్ళేసరికి గేదెలు కాలవ దాటుతున్నాయి, ముక్కులే కనపడుతున్నాయి. నేను కారు నడుపుకుంటూ నెమ్మదిగా వచ్చాను. ఆవిడ మాత్రం కారు ఎక్కలేదు. అంత దూరమూ లేదులే, మా ఇంటినించి నాలుగు ఇళ్ళవతల మలుపు. వట్టి కాళ్ళతో గట్టు వెంబడి వచ్చింది.

మేస్త్రి బోనెట్టు ఎత్తలేదు. కింద కూడా చూడలేదు. మొదట అడిగిన మాట ఇది.

“మోత విన్నది ఎవరండి?”

“మీ పిన్ని.”

“మీరండి?”

“నాకు ఆ పక్క చెవి పనిచెయ్యదు,” అన్నాను. బయట మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఆకాశమేమీ విరిగి పడలేదు. మేస్త్రి “ఆయ్,” అని తల ఊపాడు, అంతే.

షెడ్డు పక్కనించి మూడు ఎండు కొబ్బరి మట్టలు ఈడ్చుకొచ్చి రోడ్డుకి అడ్డంగా, పది పది అడుగుల దూరంలో పరిచాడు. “బాబాయ్ గారూ, మీరు మనిషి నడిచినంత నెమ్మదిగా వాటి మీంచి పోనివ్వండి. నేను చెయ్యెత్తితే బ్రేకు వెయ్యండి. పిన్ని గారూ, మీరు ఎక్కక్కర్లేదండి. చక్రం పక్కన నడవండి. ఏం వినపడితే అది చెప్పండి.”

ఆవిడ ఎడమ చక్రం పైన రేకు మీద అరచెయ్యి ఆనించి నడిచింది. ఉబ్బిన కాళ్ళు, ఆయాసపడకుండా ఆగి ఆగి. అద్దంలోంచి నాకు ఆవిడ భుజం, తెల్లజుట్టు కనపడుతున్నాయి. మా నాన్న అలాగే నడిచేవాడు. ఎత్తుగట్టు ఎక్కేటప్పుడు బండి దిగి, ఎడమ ఎద్దు వీపు మీద చెయ్యేసి, దాని పక్కనే నడిచేవాడు. ఆ క్షణాన నేను స్టీరింగు పట్టుకున్నానో, బస్తాల మధ్య పడుకున్నానో తెలీలేదు. ఎండ మంచుని తినేస్తోంది. కారు మట్ట ఎక్కింది, దిగింది.

“ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడు కొట్టింది,” అంది.

రెండో మట్ట. మేస్త్రి చెయ్యెత్తాడు, బ్రేకు వేశాను.

“ఇదిగో, ఇప్పుడు గట్టిగా. నా చేతికి కూడా తగిలింది.”

తర్వాత ఆపి, స్టీరింగు ఈ చివర నించి ఆ చివరకి తిప్పమన్నాడు. ఆవిడ వంగి విని, లేదంది. ఇంకోసారి తిప్పించి, “లేదు, తిరిగేటప్పుడు అసలు లేదు,” అంది.

“చాలండి పిన్ని గారూ. సగం పని మీరే చేసేశారు. వచ్చి కూర్చోండి,” అన్నాడు మేస్త్రి. బల్ల తుడిచి వేశాడు. నాకు వివరం చెప్పాడు. తిప్పితే మోత లేదు గనక పైన స్ప్రింగు మీది బేరింగు కాకపోవచ్చట. బ్రేకు వేస్తే వస్తోందంటే చక్రం ఉన్నచోట ఉండకుండా ముందుకీ వెనక్కీ పోతోందట. దాన్ని పట్టి ఉంచేది కింది ఆర్మ్. అది బండి నడుముకి అంటుకునే చోట రబ్బరు బుష్షులుంటాయి. “అయినా అన్నీ చూద్దామండి, ఊహ మీద విప్పకూడదు.”

జాకీ ఎత్తి, కింద దిమ్మలు పెట్టాడు. సన్నటి లింక్ రాడ్డు చేత్తో ఊపి చూశాడు. గట్టిగానే ఉంది. బాల్ జాయింటు కింద గునపం పెట్టి ఎత్తి చూశాడు. అదీ బాగానే ఉంది. అప్పుడు గునపం ఆర్మ్ వెనక బుష్షు దగ్గర పెట్టి, “బాబాయ్ గారూ, ఇలా వచ్చి స్ప్రింగు మీద చెయ్యి పెట్టండి,” అన్నాడు. పెట్టాను. గునపం నొక్కాడు.

నా అరచేతిలో టక్కుమంది. చెవికి కాదు, చేతికి. ఎముకలోకి వెళ్ళింది. రెండు నెలలుగా ఆవిడ నడుముకి తగిలిన దెబ్బ అది. ఇంకోసారి నొక్కమన్నాను. నొక్కాడు. మళ్ళీ నొక్కమన్నాను.

“తెలిసిందిగా, చాల్లే,” అంది ఆవిడ బల్ల మీంచి.

మేస్త్రి ఆర్మ్ విప్పి బయటికి తీశాడు. బుష్షు ఉండాల్సిన చోట నల్లటి జిగురు. వేలు పెడితే ఊడొస్తోంది. దాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు. తర్వాత రెండు వేళ్ళతో అందులోంచి ఏదో లాగాడు.

“బాబాయ్ గారూ, ఇందులో కోడి ఈక ఉందండి.”

నేను కాలవ వైపు చూశాను.

“ముప్పై ఏళ్ళుగా బళ్ళు విప్పుతున్నానండి. ఎలక గూళ్ళు చూశాను, తేనెపట్టు కూడా చూశాను. కోడి ఇక్కడికెలా దూరిందంటారు?”

“ఏదీ, ఇలా ఇవ్వు,” అని ఆవిడ చెయ్యి చాపింది. ఈక తీసుకుని, చీర కొంగుతో మసి తుడిచి చూసింది. “మన ఎర్ర కోడిపెట్టదే. నా తెల్ల తువ్వాలు మీద నల్లమరకలు ఎక్కడివా అని నెల రోజులు ఆలోచించాను. కూటానికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇల్లంతా ట్రాక్టరు వాసన.”

ఇక దాచడానికేముంది. కందెన సంగతి చెప్పాను. మా నాన్న గొట్టం, ఇరుసు, అన్నీ. మేస్త్రి నవ్వలేదు, అదే నయం. “ఇరుసంటే ఇనుమండి, ఎంత పోసినా పర్లేదు. రబ్బరు నూనె తాగితే ఉబ్బిపోద్దండి. ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేస్తది. ఆ కీచుమన్నప్పుడే వస్తే ఇంత ఉండేది కాదు,” అన్నాడు.

ఆవిడ తన పాదాల వంక చూసుకుంది. “నాలాగే నీరు పట్టిందన్నమాట,” అంది. ఎవరి మీదా కోపం లేకుండా, వానొచ్చేలా ఉంది అన్నట్టుగా అంది. నాకు మాత్రం ఆ జిగురు వంక ఇంక చూడబుద్ధి కాలేదు.

భీమవరం స్పేరు పార్టుల కొట్టుకి మేస్త్రి ఫోన్ చేశాడు. రెండు పక్కలవీ మార్చాలన్నాడు, ఒక కాలు కొత్తది ఒక కాలు పాతది అయితే బండి ఒక పక్కకి లాగుతుందని. వాళ్ళు మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపారు. బస్సు వచ్చేదాకా ఆవిడ బల్ల మీదే, గోడకి ఆనుకుని, కాళ్ళు కారు టైరు మీద ఎత్తి పెట్టుకుని కూర్చుంది. ఇంటికి పొమ్మంటే పోలేదు. నేను పక్కన కూర్చున్నాను, తనకి ఎడమ పక్కన, నా కుడి చెవి తన వైపు ఉండేట్టు. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వస్తోందా అని అడిగాను. వస్తోంది, సన్నగా, అని చెప్పింది. కాసేపయ్యాక కొంగ ఒకటి అరిచిందంది. మళ్ళీ కాసేపయ్యాక ఎవరో అవతలి గట్టున బట్టలు ఉతుకుతున్నారంది. అలా ఆ మధ్యాహ్నమంతా ఆవిడ విని చెప్తుంటే నేను విన్నాను.

కొత్త ఆర్మ్‌లు వేశాక మేస్త్రి బోల్టులు చేత్తో మాత్రం తిప్పి వదిలేశాడు. బిగించవేం అంటే, “గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలి పడిపోద్దండి. బండి బరువు దాని కాళ్ళ మీద పడ్డాకే బిగించాలి,” అన్నాడు. జాకీ దింపి, కారు నేల మీద సర్దుకున్నాక, కిందికి దూరి ఒక్కొక్కటీ బిగించాడు. సాయంత్రం ఎండలో అతని కాళ్ళు మాత్రం బయటికి కనపడుతున్నాయి. మట్టల మీంచి మళ్ళీ నడిపించాడు. ఈసారి ఆవిడ నడవలేదు. బల్ల మీంచే విని, తల ఊపింది. కానీ బాగయిందని మాత్రం అనలేదు.

“రేపు తూము దగ్గర చూద్దాం,” అంది.

మంగళవారం నాలుగింటికే లేచాను. ఆవిడ నాకంటే ముందే లేచి చీర మార్చుకుని కూర్చుంది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. రెండు తలగడలు కారులో పెట్టాను. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. తలుపు వేసే ముందు వంగి, కింద చక్రం వంక ఒకసారి చూసింది, దారికి అడ్డం పడుకున్న కుక్కని చూసినట్టు.

గట్టు మీద మంచు బాగా ఉంది. మేస్త్రి షెడ్డు మునిగిపోయింది, లాకుల పైన దీపం మాత్రం ఉంది. నేను రెండో గేరులో పోనిచ్చాను. నాకు ఇంజను కుడి పక్కనించి సగం వినపడుతుంది, మిగతా సగం అరికాళ్ళకి తెలుస్తుంది. ఎడమ పక్క ఎప్పట్లాగే ఏమీ లేదు, మంచు లాగే. తూము దగ్గరికొచ్చాం. బ్రేకు వేశాను. ముందు చక్రాలు దిగాయి, ఎక్కాయి. మోకాలి మీద వేలు కోసం చూశాను.

రాలేదు.

రైల్వే గేటు దగ్గర కూడా రాలేదు. కోపం పోలేదేమో, అందుకే చెప్పట్లేదేమో అనుకున్నాను. అడుగుదామనుకుని అడగలేదు. గండి పూడ్చిన చోట రోడ్డు మరీ ఘోరం, అక్కడ మంచిబండి అయినా మూలుగుతుంది. నెమ్మదిగా దింపాను. కారు ఊగింది, సర్దుకుంది. అప్పుడు తల తిప్పి చూశాను.

శాలువా గెడ్డం దాకా ఉంది. తల అద్దానికి ఆనుకుని ఉంది. నోరు కాస్త తెరుచుకుంది, ఊపిరికి అద్దం మీద చిన్న మసక వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. ఉబ్బిన చెయ్యి ఒకటి సీటు పట్టుకోకుండా ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది.

భీమవరం ఇంకా పన్నెండు మైళ్ళుంది. గేరు మార్చాల్సి వచ్చింది, మార్చకుండా అలాగే పోనిచ్చాను.